అరికాలి యందు నిలిచిన స్మృతి
ఆటిజం గల బిడ్డల గృహానికి చేరిన ఒక ప్రాచీన సాధన చరిత్ర

భగవద్గీత రెండవ అధ్యాయంలో శ్రీకృష్ణ భగవానుడు మనిషి పతనాన్ని ఒక సోపానక్రమంగా నిరూపించాడు. విషయచింతన సంగానికి, సంగం కామానికి, కామం క్రోధానికి, క్రోధం సమ్మోహానికి దారి తీస్తాయి. ఆ సమ్మోహం వలన స్మృతి భ్రష్టమవుతుంది. స్మృతి పోయిన చోట బుద్ధి నిలువదు. ఈ శ్లోకాలను పారాయణ చేసే సాధకులు క్రోధాన్ని గూర్చి ఎంతో విచారిస్తారు. క్రోధానికీ వినాశానికీ నడుమ భగవానుడు స్మృతినే ఎందుకు నిలిపాడో విచారించేవారు తక్కువ.

స్మృతి అనగానే సామాన్యంగా గడచినదానిని తలచుకొనడమే స్ఫురిస్తుంది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో ఈ శబ్దం రెండు తావుల వినబడుతుంది. ఒకచోట అది చిత్తవృత్తులలో ఒకటి. అనుభవించిన విషయం చెదరిపోకుండా నిలవడం. మరొకచోట అది శ్రద్ధ, వీర్యం, సమాధి, ప్రజ్ఞలతో కలిసి సాధనాంగం. ఛాందోగ్యోపనిషత్తు చెప్పిన ధ్రువస్మృతిని భగవద్రామానుజులు భక్తితో సమన్వయించారు. పేరు ఏదైనా సారం ఒకటే: ఇప్పుడు ఏమి జరుగుచున్నదో, తాను ఎవరో, ఏది కర్తవ్యమో మరువకుండుట. తెలుగు పల్లెలో దీనికి "ఎరుక" అనే చిన్న మాట ఉన్నది. పాళీ బౌద్ధంలో దీని పేరు "సతి". 1881లో రైస్ డేవిడ్స్ అనే ఆంగ్ల పండితుడు ఆ పదానికి "మైండ్‌ఫుల్‌నెస్" అని అనువాదం చేశాడు. నేడు వైద్యశాలలలో, పాఠశాలలలో వినబడే మాట అదే.

ఈ సాధన నేడు ఆటిజం గల వ్యక్తుల వద్దకు, వారిని సాకే తల్లిదండ్రుల వద్దకు చేరింది. రెండు వేల సంవత్సరాలకు పైబడిన ఆ యాత్రలో ఆంధ్రదేశపు తూర్పు తీరం ఒక ముఖ్యమైన మజిలీ. ఆ యాత్రను శ్రద్ధగా పరిశీలిస్తే ఒక సత్యం తేటతెల్లమవుతుంది. స్మృతి ఎదుటివానిని మార్చడానికి పుట్టిన ఉపాయం కాదు. అది చూచేవాని దృష్టిని శుద్ధి చేసే సాధన. ఆటిజం గల బిడ్డ ఉన్న గృహంలో దానిని మొదట అభ్యసించవలసినది బిడ్డ కాదు, సంరక్షకుడు.

వాడరేవు తీరం, ధాన్యకటక భూమి

చీరాలకు కొద్ది మైళ్ళ దూరంలో సముద్రతీరాన ఉన్న గ్రామం వాడరేవు. "వాడ" అంటే ఓడ; ఓడలు ఆగే రేవు గనుక వాడరేవు. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి, పిమ్మట బాపట్ల జిల్లాలో చేరిన ఈ గ్రామంలో నేడు మత్స్యకారుల పడవలు, ఒక దీపస్తంభం, స్నానానికి వచ్చే యాత్రికులు కనబడతారు. ఇదే తీరం వెంబడి కొంత దూరంలో మోటుపల్లి ఉన్నది. అది కాకతీయుల కాలపు ప్రసిద్ధ రేవుపట్టణం. ఇంకా ముందుకు వెళితే చినగంజాం. అక్కడ శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి ఇరువది ఏడవ పాలనా సంవత్సరపు శాసనం లభించింది. తీరం విడిచి లోపలికి వెళితే భట్టిప్రోలు. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించినప్పుడు అక్షరాలు చెక్కిన ధాతుకరండాలు బయల్పడ్డాయి. ఇంకా వాయవ్యంగా కృష్ణాతీరాన అమరావతి, అనగా నాటి ధాన్యకటకం. నేడు పత్తి, మిరప పండే ఈ మైదానమంతా ఒకనాడు ధ్యానసాధకులు నడిచిన భూమి.

అమరావతి తొలినాటి శిల్పాలలో బుద్ధుని మానవాకృతి కనబడదు. బోధివృక్షం, శూన్యాసనం, ధర్మచక్రం, వాటితో పాటు చక్రాంకితమైన రెండు పాదాలు ఆయన సన్నిధిని తెలుపుతాయి. శిల్పి ముఖాన్ని చెక్కక పాదాలను చెక్కాడు. నేలపై నిలిచిన అరికాలే అక్కడ ఆరాధ్యం. ఈ పాదాల ప్రసక్తి మున్ముందు మరల మరల వస్తుంది.

సతిపట్ఠాన సూత్రంలో స్మృతికి నాలుగు ఆలంబనాలు చెప్పబడ్డాయి: కాయం, వేదన, చిత్తం, ధర్మాలు. వాటిలో మొదటిది కాయం. నడుస్తున్నప్పుడు నడుస్తున్నానని, నిలుచున్నప్పుడు నిలుచున్నానని, కూర్చున్నప్పుడు కూర్చున్నానని ఎరిగి ఉండడం అందులో ఒక భాగం. ఇందులో తర్కం లేదు, ఊహాచిత్రం లేదు. దేహం ఉన్నచోట చిత్తం ఉండడమే అభ్యాసం. ఇంత స్థూలమైన అభ్యాసం గనుకనే ఈ సాధన కాలాలను, దేశాలను దాటగలిగింది.

అది దాటిన త్రోవలలో ఆంధ్ర తీరం ఒకటి. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి థేరుల కొరకు చైత్యగృహం కట్టించినట్లు శాసనం ఉన్నది. అక్కడ సింహళ విహారమనే పేరు గల ఆరామం కూడా ఉండేది. ఆంధ్రదేశానికీ సింహళానికీ నడుమ భిక్షువులు, గ్రంథాలు, వ్యాఖ్యానాలు రాకపోకలు సాగించాయి. ఆంధ్రదేశపు వ్యాఖ్య అయిన అంధకట్ఠకథను బుద్ధఘోషుడు వినయపిటక వ్యాఖ్యానంలో అనేక పర్యాయాలు ప్రస్తావించాడు.

సాధకుని బట్టి సాధన

ఐదవ శతాబ్దపు బుద్ధఘోషుడు సింహళంలోని అనురాధపురంలో విశుద్ధిమార్గమనే మహాగ్రంథాన్ని రచించాడు. ఆయన జన్మస్థలం విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సింహళ వంశకథ బోధివృక్ష సమీపాన జన్మించాడని చెబుతుంది. గ్రంథాంతంలో కనబడే గ్రామనామాన్ని బట్టి కొందరు చరిత్రకారులు ఆయనను గుంటూరు మండలపు వానిగా భావించారు. ఆ వివాదం ఎట్లున్నా, ఆయన గ్రంథంలోని ఒక ప్రకరణం ఆటిజం విషయంలో నేటికీ ఉపకరిస్తుంది.

విశుద్ధిమార్గం నలభై కర్మస్థానాలను, అనగా ధ్యానాలంబనాలను వివరిస్తుంది. అన్నీ అందరికీ తగవని ఆ గ్రంథం స్పష్టంగా చెబుతుంది. మనుష్యులలో రాగచరితులు, ద్వేషచరితులు, మోహచరితులు, శ్రద్ధాచరితులు, బుద్ధిచరితులు, వితర్కచరితులు అని ఆరు విధాల స్వభావాలు ఉన్నాయి. ఆచార్యుడు శిష్యుని స్వభావాన్ని ముందు తెలుసుకొనాలి. ఎట్లా తెలుసుకొంటాడు? శిష్యుడు నడిచే తీరును బట్టి, నేలపై పడిన అడుగుజాడను బట్టి, భుజించే తీరును బట్టి, ఊడ్చే తీరును బట్టి. అడుగును నెమ్మదిగా మోపేవాడు ఒకడు, ఈడ్చేవాడు ఒకడు, తడబడి మోపేవాడు ఒకడు. మాట అడగకుండానే పాదం చెబుతుంది.

అంతటితో ఆగక, ఏ స్వభావం గలవానికి ఎటువంటి నివాసం హితమో కూడా బుద్ధఘోషుడు చెప్పాడు. ఒకనికి నీడ, నీరు, సుగంధం గల ప్రశాంత గృహం కావాలి. మరొకనికి నలువైపులా తెరచి ఉన్న విశాల స్థలం కావాలి. ఇరుకు గదిలో అతని చిత్తం మరింత మూఢమవుతుంది. ఆసనం, వస్త్రం, ఆహారం, చివరకు కూర్చుండుటా నడచుటా అన్నది కూడా వ్యక్తిని బట్టి నిర్ణయింపబడింది.

ఈ ఆరు చరితాలలో ఆటిజాన్ని వెదకడం అనుచితం. అవి రోగనిర్ణయాలు కావు. గ్రహింపదగినది సూత్రం: సాధకుని ఇంద్రియాలకు, స్వభావానికి తగినట్లు సాధన మారాలి గాని, సాధన కొరకు సాధకుని విరిచి వంచరాదు. సనాతన ధర్మంలోని అధికారిభేద సిద్ధాంతం కూడా ఇదే. ఆటిజం గల వ్యక్తి విషయంలో ఈ సూత్రాన్ని మరచిన ప్రతిసారీ లోకం అతనికి అన్యాయం చేసింది. ఆ అన్యాయానికి కూడా ఒక చరిత్ర ఉన్నది.

ఒక పదం, ఒక నింద

1911లో స్విస్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ "ఆటిజం" అనే పదాన్ని కల్పించాడు. గ్రీకు భాషలో "ఆటోస్" అంటే "స్వ" అని అర్థం. అప్పుడు అది వేరొక మనోవ్యాధిలోని లక్షణానికి పేరు. 1925లో రష్యాలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు తాను చూచిన బాలుర లక్షణాలను వర్ణించింది. నేడు ఆటిజమని పిలిచేదానిని అవి ఎంతో పోలి ఉన్నాయి. లోకం ఆ వ్యాసాన్ని చాలా కాలం పట్టించుకొనలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండుగురు పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసం, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వ్రాసిన వ్యాసం ఈ పదానికి నేటి అర్థం వైపు దారి చూపాయి.

ఈ స్థితి జన్మతః కలిగినదని కానర్ తన వ్యాసంలోనే సూచించాడు. అదే వ్యాసంలో ఆ పిల్లల తల్లిదండ్రులలో వాత్సల్యం తక్కువని కూడా వ్రాశాడు. ఆ రెండవ మాట లోకంలో దావానలంలా వ్యాపించింది. తల్లి హృదయం మంచుగడ్డ గనుకనే బిడ్డ ముడుచుకుపోయాడనే వాదం పుట్టింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తన గ్రంథంలో దానికి విస్తృత ప్రచారం కల్పించాడు. అప్పటికి మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు ఆ వాదాన్ని ఖండిస్తూ గ్రంథం వెలువరించాడు. ఆయన స్వయంగా ఆటిజం గల బాలుని తండ్రి. 1981లో ఆస్పెర్గర్ పరిశీలనలను వెలుగులోకి తెచ్చి, ఆటిజం ఒక విశాల వర్ణపటమని చూపిన బ్రిటిష్ వైద్యురాలు లోర్నా వింగ్ కూడా ఆటిజం గల కుమార్తెకు తల్లి. నిందను తొలగించినవారు నింద మోసినవారే కావడం గమనార్హం.

పాశ్చాత్యుల ఈ అపరాధాన్ని చూచి మన సమాజం తనను తాను అభినందించుకొనడానికి వీలులేదు. మన పల్లెలలో, నగరాలలో ఇదే నింద మరొక వేషంలో తిరుగుతుంది. తల్లి ఏ పాపం చేసిందో, ఏ గ్రహణంలో బయట తిరిగిందో, ఏ జన్మలో ఏమి చేశారో అనే మాటలు బంధువుల నోట వెలువడతాయి. కర్మసిద్ధాంతాన్ని ఎదుటివాని ఇంటి గుమ్మంలో నిలబడి వల్లించడం శాస్త్రం కాదు. కర్మగతి గహనమని భగవానుడే చెప్పాడు. ఆ గహనమైన దానిని పరుల బిడ్డ ముఖంలో చదివానని చెప్పేవాడు శాస్త్రాన్ని అతిక్రమించినవాడే. కర్మసిద్ధాంతం తన వంతు కర్తవ్యాన్ని తెలుసుకొనడానికి ఉన్నది, ఇతరుల దుఃఖానికి కారణం కల్పించడానికి కాదు.

జడభరతుని అడుగులు

సంస్కృతభూయిష్ఠమైన రచనలలో ఆటిజానికి "స్వలీనత" అనే అనువాదం కనబడుతుంది. వేదాంత పరిచయం గలవారికి ఈ పదం మరొక భ్రమ కలిగించగలదు. స్వ-లీనుడు అంటే ఆత్మలీనుడని, మాటలాడని బిడ్డ పూర్వజన్మ యోగి అని తలచడం ఆ భ్రమ. నింద ఎంత అన్యాయమో ఈ ఆరాధన కూడా అంతే అన్యాయం. పాపి అని ముద్ర వేసినా, యోగి అని ముద్ర వేసినా, ఎదుట ఉన్న బిడ్డ కనుమరుగవుతాడు. అతనికి చెవిలో శబ్దం బాణంలా గ్రుచ్చుకొంటున్నదని, చొక్కా అంచు చర్మాన్ని కోస్తున్నదని, చెప్పదలచిన మాట పెదవి దాటడం లేదని గమనించేవాడు ఉండడు.

ఈ సందర్భంలో భాగవతం పంచమస్కంధంలోని జడభరతోపాఖ్యానం తలపుకు రావడం సహజం. తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని రచించినవాడు గంగన. జింకపిల్లపై మమకారం చేత మృగజన్మ ఎత్తిన భరతుడు పిమ్మట బ్రాహ్మణ గృహంలో జన్మించాడు. పూర్వజన్మ స్మృతి చెదరని వాడై, సంగానికి భయపడి జడునివలె, మూగవానివలె మెలిగాడు. తండ్రి చదువు చెప్పబోయి విఫలుడయ్యాడు. తండ్రి అనంతరం సోదరులు అతనిని మందబుద్ధి అని ఎంచి పాచిపోయిన అన్నం పెట్టారు, పొలం కాపలాకు పంపారు. చోరులు నరబలికి పట్టుకొనిపోతే భద్రకాళి రక్షించింది. చివరకు సింధుసౌవీర రాజు రహూగణుని పల్లకీ మోయవలసి వచ్చింది.

జడభరతుడు ఆటిజం గలవాడని ఈ కథ చెప్పదు. అతని జాడ్యం బుద్ధిపూర్వకంగా ధరించిన వేషం. ఆటిజం వేషం కాదు, మెదడు వికసించిన తీరు. మనం గ్రహింపవలసినది కథలోని ఇతరుల ప్రవర్తన. పల్లకీ కుదుపులకు లోనయింది. రాజు కోపించి పరిహాసమాడాడు. కుదుపునకు కారణమేమి? నేలపై ప్రాకే ప్రాణులు కాలి క్రింద నలగకుండా భరతుడు చూచి చూచి అడుగు వేస్తున్నాడు. రాజుకు అది అసమర్థతగా కనబడింది. యథార్థంలో ఆ పల్లకీ దగ్గర స్మృతితో అడుగు వేసినవాడు అతడొక్కడే. వింతగా కనబడే నడవడికి లోపల ఒక కారణం ఉండవచ్చునని రహూగణునికి తోచలేదు. తోచిన క్షణాన అతడు పల్లకీ దిగాడు. ఈ కథలో పరివర్తన చెందినవాడు మోసేవాడు కాదు, కూర్చున్నవాడు.

శంకర విజయాలలోని హస్తామలకుని కథ కూడా ఇటువంటిదే. మాటలాడని కుమారుని ప్రభాకరుడనే తండ్రి శంకర భగవత్పాదుల ఎదుటకు తెచ్చాడు. ఆచార్యులు వైద్యం చెప్పలేదు, నిందించలేదు. నీవెవరవని నేరుగా ఆ బాలునినే ప్రశ్నించారు. తండ్రి ఇన్నేళ్ళు బాలుని గూర్చి మాటలాడాడు. ఆచార్యులు బాలునితో మాటలాడారు. ప్రతి మూగబిడ్డా హస్తామలకుడు కావలసిన పని లేదు. ప్రతి బిడ్డా ఆ ప్రశ్నకు, ఆ గౌరవానికి మాత్రం అర్హుడే.

సముద్రం దాటి వచ్చిన సాధన

భారతదేశంలో క్షీణించిన స్మృతిసాధన సింహళ, బర్మా దేశాలలో జీవించింది. బర్మాలో లేడీ సయాడో, మహాసీ సయాడో వంటి భిక్షువులు ఇరువదవ శతాబ్దం నాటికి దానిని గృహస్థులకు అందుబాటులోకి తెచ్చారు. మహాసీ పద్ధతిలో చంక్రమణం, అనగా నడకలో ధ్యానం, ప్రధానాంగం: పాదం లేచుట, కదలుట, నేలను తాకుట అన్నింటిని ఎరిగి నడవాలి. గృహస్థుడైన ఊ బా ఖిన్ శిష్యుడు సత్యనారాయణ గోయెంకా 1969లో ఆ సాధనను మరల భారతదేశానికి తెచ్చాడు. హైదరాబాదు ధమ్మఖేత్త కేంద్రం తొలినాటి కేంద్రాలలో ఒకటి. నాగార్జునసాగర్ వద్ద మరొక కేంద్రం వెలిసింది. బోధిసిరి చైత్యం కట్టించిన లోయ చెంతకు స్మృతి ఈ విధంగా తిరిగి వచ్చింది.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘవ్యాధుల వలన బాధపడేవారికి స్మృతి శిక్షణ ప్రారంభించాడు. ఆటిజం రంగంలో నిర్ణాయకమైన అడుగు వేసినవాడు నిర్భయ్ ఎన్. సింగ్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు. 2003లో ఆయన బృందం బౌద్ధిక వైకల్యం, మనోవ్యాధి రెండూ ఉండి, ఆగ్రహావేశాన్ని అదుపు చేసుకొనలేని ఒక యువకునికి ఒక చిన్న సాధన నేర్పింది. దాని పేరే "అరికాళ్ళపై ధ్యానం". పాదాలు నేలపై సమంగా ఆనించాలి. కోపం కలిగించిన సంఘటనను తలపుకు రానిచ్చి, చిత్తాన్ని మెల్లగా అరికాళ్ళకు మరల్చాలి. కాలివ్రేళ్ళు కదపాలి, మడమ నేలకు తగలడం, పాదరక్ష స్పర్శ గమనించాలి. కోపం శమించిన తరువాత చిరునవ్వుతో అక్కడినుండి కదలాలి. కోపాన్ని అణచడం లేదు, దానితో వాదించడం లేదు. చిత్తానికి నిలవడానికి ఒక తావు దొరుకుతుంది.

2006లో అదే బృందం ప్రకటించిన అధ్యయనం ఈ వ్యాసపు ముఖ్యవిషయానికి అత్యంత సన్నిహితం. ఆటిజం గల పిల్లల తల్లులు ముగ్గురికి పన్నెండు వారాల స్మృతి శిక్షణ ఇచ్చారు. పిల్లలకు ఏమీ నేర్పలేదు. పిల్లలను ఎట్లా అదుపు చేయాలో కూడా తల్లులకు చెప్పలేదు. అయినా పిల్లలలో పరులను కొట్టడం, తమను తాము గాయపరచుకొనడం తగ్గాయి. తల్లుల సంతృప్తి పెరిగింది. 2011లో ప్రకటించిన మరొక అధ్యయనంలో తల్లులు అరికాళ్ళ ధ్యానాన్ని తాము ముందు అభ్యసించి, పిదప ఆటిజం గల తమ కుమారులకు నేర్పారు. ఆ ముగ్గురు కిశోరులలోనూ దౌర్జన్య ప్రవర్తన క్రమంగా తగ్గింది. ముగ్గురేసి వ్యక్తుల అధ్యయనాలు అందరికీ ప్రమాణం కాజాలవు. కాని అవి చూపిన దిశ గమనింపదగినది. 2013లో నెదర్లాండ్స్‌లో ఆటిజం గల వయోజనులపై యాదృచ్ఛిక విభజన పద్ధతిలో జరిగిన అధ్యయనంలో కూడా స్మృతి శిక్షణ వలన ఆందోళన, కుంగుబాటు, ఒకే ఆలోచన సుడి తిరగడం తగ్గినట్లు తేలింది. అక్కడ శిక్షకులు రూపకాలను, ద్వ్యర్థాలను పరిహరించి, సూటిగా అర్థమయ్యే మాటలు మాత్రమే వాడారు. బుద్ధఘోషుడు చెప్పిన సూత్రమే ఇది: సాధకుని బట్టి సాధన.

ఇంతటి చరిత్రలో మరువరాని మరొక స్వరం ఆటిజం గల వ్యక్తులది. 1993లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి ప్రసంగించారు. మా కొరకు శోకింపవద్దన్నది దాని సారాంశం. తల్లిదండ్రులు విలపించేది తాము ఊహించుకొన్న బిడ్డ రాలేదని. ఆ ఊహను విడిస్తే వచ్చిన బిడ్డ కనబడతాడు. గీతోపదేశం కూడా శోకింపదగనివారి కొరకు శోకించడాన్ని ఖండించడంతోనే ఆరంభమయిందని భక్తులకు తెలిసినదే.

గృహమే సాధనాక్షేత్రం

గుంటూరు, ప్రకాశం మైదానంలో మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి కల్లాలలో మిరపకాయలు ఎర్రగా పరచుకొంటాయి. ఆ ఘాటుకు అలవాటు పడినవారే తుమ్ముతారు. పత్తి జిన్నింగు మిల్లుల హోరు, తిరునాళ్ళలో మైకుల మోత, పెండ్లిళ్ళలో బాణసంచా, ఇవన్నీ ఇక్కడి జీవనంలో భాగం. ఆటిజం గల అనేకులలో ఇంద్రియాలు అతితీవ్రంగా స్పందిస్తాయి. ఇతరులకు పండుగ అయినది వారికి ఉత్పాతం కాగలదు. అట్టి సమయంలో బిడ్డ చెవులు మూసుకొని కేకలు వేస్తే, చూచేవారు "మొండితనం" అంటారు, "పెంపకం" అంటారు. తల్లి చేయి లేస్తుంది. గీత చెప్పిన సోపానక్రమం సరిగా అక్కడే, ఆ కల్లం గట్టున, నిమిషం కాలంలో పూర్తవుతుంది.

స్మృతికి అవకాశం కూడా అక్కడే. తల్లి గాని తండ్రి గాని తన అరికాళ్ళు నేలను తాకుతున్నాయని ఒక్కసారి ఎరిగితే, క్రోధానికీ సమ్మోహానికీ నడుమ ఒక శ్వాస పాటి ఎడం కలుగుతుంది. ఆ ఎడంలో "వీడు నన్ను అవమానిస్తున్నాడు" అనే తలపు కరిగి, "వీనికి ఘాటు సోకుతున్నది" అనే దర్శనం కలుగుతుంది. అప్పుడు చేయవలసినది తెలుస్తుంది: బిడ్డను గాలి ఆడే చోటికి తీసికొనిపోవడం. యోగసూత్రాలు చెప్పిన మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలు ఇక్కడ పుస్తకం విడిచి నడకలోకి వస్తాయి. బిడ్డతో మైత్రి, అతని బాధయందు కరుణ, అతని చిన్న విజయంలో ముదిత, లోకుల మాటలయందు ఉపేక్ష.

బిడ్డకు లేదా ఆటిజం గల వయోజనునికి ఈ సాధన నేర్పదలచినప్పుడు పూర్వాచార్యుల వివేకం మరువరాదు. కన్నులు మూసుకొమ్మని బలవంతం చేయరాదు. చీకటి కొందరికి భయం. శ్వాసను గమనించడం కొందరిలో ఆందోళన పెంచుతుంది. అట్టివారికి అరికాలు, అరచేయి, లేదా తమకు ప్రియమైన ఒక వస్తువు స్పర్శ ఆలంబనం కావచ్చు. గంట మ్రోగించి ఆరంభించడం చెవికి నొప్పి కలిగించవచ్చు. ఊగుట, చేతులు ఆడించుట వంటి కదలికలను ధ్యానం పేరిట ఆపరాదు. అనేకులకు అవే చిత్తాన్ని నిలుపుకొనే ఆధారం. వాడరేవు వంటి తీరాన తడి ఇసుకలో చెప్పులు లేకుండా నడవడం ఒకనికి ఉత్తమ చంక్రమణం. మరొకనికి ఆ ఇసుక స్పర్శే దుస్సహం. ఏది హితమో అతని అడుగే చెబుతుంది. పది రోజుల కఠిన మౌనశిబిరాల వంటివి ఈ విషయంలో ఆరంభస్థానం కావు. అన్నింటికంటె ముఖ్యంగా, కదలక మెదలక ఉండే బిడ్డను తయారుచేయడం ఈ సాధన లక్ష్యం కారాదు. ఆ లక్ష్యంతో చేసినది స్మృతి కాదు, రహూగణుని పరిహాసానికి మరొక రూపం.

స్మృతి వైద్యానికి, విద్యకు, సమాజ సహాయానికి ప్రత్యామ్నాయం కాదన్నది కూడా స్పష్టంగా చెప్పవలసినది. 1984లో సికింద్రాబాదులో స్థాపితమైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తెలుగునాట ఈ రంగానికి పునాది వేసింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావన లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దానిని గుర్తించింది. 2016 నాటి చట్టం ఇరువది ఒక్క వైకల్యాలలో ఒకటిగా చేర్చి హక్కులు కల్పించింది. మండల స్థాయిలో భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు తోడ్పడుతున్నాయి. వాక్కు, చేష్టలు, చదువులలో నిపుణుల సహాయం పొందడం తల్లిదండ్రుల ధర్మం. దానిని ఇరుగుపొరుగుకు జడిసి దాచుకొనడం ధర్మం కాదు. అలసిన తల్లికి ఒక పూట విశ్రాంతి కల్పించే బంధువు, ఆమెకు ఉపదేశం చేసే బంధువు కంటె మిన్న. సంరక్షకుని స్మృతి నిలవాలంటే సంరక్షకునికి నిద్ర కూడా కావాలి.

అభయం

వాడరేవుకు సమీపంలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన శాసనం ఒకటి ఉన్నది. చరిత్రలో దానికి అభయశాసనమని పేరు. అంతకు పూర్వపు రాజులు తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడల సరకునంతటినీ స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పి, నియతమైన సుంకం తప్ప మరేమీ తీసికొనబోమని దూరదేశపు నావికులకు అభయమిచ్చాడు. విరిగి వచ్చిన నావను దోచుకొనడం రాజధర్మం కాదని, దానిని ఒడ్డున నిలుపుకొనడమే రాజధర్మమని ఆ శాసనం ప్రకటించింది.

గీత పదునారవ అధ్యాయంలో దైవీసంపదను గణిస్తూ భగవానుడు మొట్టమొదట చెప్పినది అభయమే. ఆటిజం గల వ్యక్తికి గృహం అట్టి రేవు కావాలి. శబ్దాల, చూపుల, ప్రశ్నల తుఫానులో అలసి తీరానికి వచ్చినప్పుడు, అతనికి మిగిలిన శక్తిని కూడా "సరిగా కూర్చో, సరిగా చూడు, సరిగా మాటలాడు" అనే సుంకాలతో దోచుకొనకుండా ఉండడం అభయం. ఆ అభయాన్ని ఇవ్వగలవాడు ముందుగా తాను నిలిచి ఉండాలి. నిలవడానికి శాస్త్రజ్ఞానం, ఏకాంతం, దీర్ఘకాలం అన్నీ సమకూరే వరకు ఆగనక్కరలేదు. ధాన్యకటక శిల్పి రాతిలో చెక్కినదీ, జడభరతుడు పల్లకీ క్రింద ఆచరించినదీ, నేటి తల్లులు కొందరు పన్నెండు వారాలలో కనుగొన్నదీ ఒకటే. అరికాలు నేలమీద ఉన్నది. చిత్తం కూడా అక్కడికి రాగలదు. అది వచ్చిన క్షణాన ఎదుట ఉన్న బిడ్డ, పాపిగా గాని యోగిగా గాని కాక, బిడ్డగా కనబడతాడు.

స్వస్తి.